నాలుగున్నర గంటలు

నాకు లెక్కలు బాగా వచ్చు. చిన్నప్పటినుంచీ ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. విని విని నేనూ నమ్మేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతాను. పెద్దదానికి చాదస్తం ముదిరిందనుకుంటారు. అనుకోనీ, అలా అనుకోవడమే నాకు నయం.

డెబ్బైల మొదట్లో సంగతి. పటాన్‌చెరు దగ్గర ఒక పెద్ద కర్మాగారంలో, ట్రైనింగ్ సెక్షన్లో నేను టైపిస్టుని. మా ఆయన అక్కడే స్టోర్స్‌లో. గుడివాడ అవతలి పల్లె నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి బిందె తీసుకుని వచ్చి పటాన్‌చెరు ఊళ్ళో రెండు గదుల వాటాలో దిగాం. వచ్చిన కొత్తలో నా మాట అక్కడివాళ్ళకీ, వాళ్ళ మాట నాకూ సగమే అర్థమయ్యేది. అయినా నాకు బెంగ లేదు. చేతిలో ఉద్యోగం ఉంది, నెత్తిమీద పొగరు ఉంది.

ఆ పొగరు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. మా కర్మాగారం నుంచి ఏటా కొంతమంది పనివాళ్ళని ఆరు నెలల శిక్షణకి జర్మనీ పంపేవాళ్ళు. బొంబాయి దాకా ఒక విమానం, అక్కడినుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఇంకొకటి. ఎవరు ఏ రోజు ఏ విమానం ఎక్కాలి, ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎన్నింటికి దిగుతుంది అన్నది ఒక కాగితం మీద టైపు చేసి వాళ్ళ చేతిలో పెట్టడం నా పని. దానికోసం నా బల్ల సొరుగులో విమానాల టైంటేబుల్ పుస్తకం ఒకటి ఉండేది. నిఘంటువంత లావు, చీమతలకాయలంత అక్షరాలు. సెక్షన్ మొత్తంమీద అది చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఆఫీసరు కూడా "అమ్మా, కాస్త ఆ పుస్తకం చూడండి" అని నన్నే పిలిచేవాడు.

ఆ పుస్తకంలో ఒక కిటుకు ఉంది. ప్రతి ఊరి దగ్గరా వేసిన సమయం ఆ ఊరి గడియారం ప్రకారం వేస్తారు. రాత్రి రెండింటికి బొంబాయిలో లేచిన విమానం పొద్దున ఏడున్నరకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుందని రాసి ఉంటుంది. చూసినవాళ్ళు ఐదున్నర గంటల్లో అంత దూరమా అని నోరు తెరుస్తారు. నిజానికి అది పది గంటల ప్రయాణం. వాళ్ళ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. కాబట్టి ఐదున్నరకి నాలుగున్నర కలపాలి. ఇది నాకు అక్కడినుంచి వచ్చిన ఒక ఇంజనీరు వివరించాడు. ఒక్కసారి చెప్పగానే పట్టేశాను. ఆ తర్వాత అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే చెప్పేదాన్ని. "నాలుగున్నర కలపాలండీ, నాలుగున్నర." అదేదో నేనే కనిపెట్టినట్టు.

మా సెక్షన్ పని పంపించడం వరకే. తిరుగు ప్రయాణం సంగతి అక్కడివాళ్ళు చూసుకునేవాళ్ళు. వచ్చే రోజు తంతి కొడితే రవాణా సెక్షన్ వాళ్ళు విమానాశ్రయానికి జీపు పంపేవాళ్ళు. మూడేళ్ళలో నేను ఎంతమందిని పంపానో లెక్కలేదు. వచ్చేవాళ్ళ లెక్క మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా కట్టలేదు.

మా పక్క వాటాలో ఒక జంట ఉండేది. అతను మా కర్మాగారంలోనే ఫిట్టరు. సంగారెడ్డి దారిలో కంది అనే ఊరు దాటాక బొంబాయి రోడ్డు మీదినుంచి లోపలికి మైలున్నర నడిస్తే వాళ్ళ ఊరు. ఊళ్ళో పొలం ఉంది. తండ్రి పోయాడు, చిన్నాయన చూసుకుంటున్నాడు. పెళ్ళయి రెండేళ్ళు. ఆ అమ్మాయికి ఇరవై నిండాయో లేదో. బడికి పోలేదు గానీ చురుకు. నన్ను "అక్కా" అనేది. వచ్చిన మొదటి వారమే మా వంటింట్లోకి వచ్చి నా పప్పుచారు రుచి చూసి, "ఇదేంది అక్కా, గింత తియ్యగున్నది, బెల్లం దుకాణం ఒంపినవా" అంది. అప్పటినుంచి మేమిద్దరం ఒకటైపోయాం.

ఒక సంవత్సరం జర్మనీ జాబితాలో ఆమె భర్త పేరు వచ్చింది. కాగితం టైపు చేసింది నేనే. అతను వెళ్ళిన మర్నాడు ఆ పిల్ల మా గడపలో కూలబడి అడిగింది.

"అక్కా, గా ఊరు ఎంత దూరముంటది?"

"నాలుగు వేల మైళ్ళు దాటే ఉంటుంది."

"నాలుగు వేలంటే నాకేం సమజైతది? సంగారెడ్డి లెక్కన చెప్పు."

పెన్సిలు తీసుకుని వేసి చూశాను. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి రెండువందల అరవై సార్లు వెళ్ళినంత. చెప్తే కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మో! గన్నిసార్లు బస్సెక్కితే నడుమిరిగి సస్త."

"విమానంలో అయితే పది గంటలే పిల్లా. ఇక్కడ అన్నం తిని ఎక్కితే అక్కడ చద్దన్నం వేళకి దిగుతాడు."

"పది గంటలేనా?" అని వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "అంటే నాకేమన్న అయితే పది గంటలల్ల వస్తడన్నట్టు."

నోరు ముయ్యమని కసిరాను. కానీ ఆ పది గంటలు ఆమెకి పెద్ద ధైర్యం అయింది. బావి దగ్గర, పిండిమర దగ్గర, ఊరికి పోతే ఊళ్ళో అందరికీ చెప్పుకునేది, మా ఆయన పది గంటల దూరంలోనే ఉన్నాడని. నాలుగు వేల మైళ్ళు ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఇంట్లో ఉన్న టైంపీసుని నాచేత నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పించుకుంది. "గిప్పుడు ఆయన డూటీకి పోతుండు, గిప్పుడు రొట్టె తింటుండు" అని దాన్ని చూసి చెప్పేది. మన సమయం కావాలంటే మా ఇంటికి వచ్చి అడిగేది. నేను నవ్వేదాన్ని. నాలుగు నెలలు అలా నవ్వుకుంటూనే గడిచాయి.

వేసవిలో ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు. వాళ్ళమ్మ వచ్చి పక్క పల్లెలో పసరు పోయించడానికి తీసుకుపోయింది. మూడు ఆదివారాలు పొయ్యాలట. నేను తిట్టాను, బతిమాలాను. "మీ ఆంధ్రల గిట్ల పొయ్యరా?" అని ఆ పెద్దావిడ అడిగింది. మా వైపూ పోస్తారు, కాదనలేకపోయాను. మూడో ఆదివారానికి పొట్ట ఉబ్బింది, మాట తడబడింది. అప్పుడు జీపులో హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు నన్ను పక్కకి పిలిచి భర్తని రప్పించమన్నాడు. అంతకంటే ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు.

తంతి నేనే రాశాను. భార్యకి సీరియస్, వెంటనే బయల్దేరు. బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఆ సాయంత్రం విమానానికి బయల్దేరుతున్నాడు. విమానం నంబరు ఇచ్చారు, అంతే.

పుస్తకం తీశాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాయంత్రం నాలుగున్నర. బొంబాయిలో మర్నాడు పొద్దున ఆరున్నర. నా వేలు మూడేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. నాలుగున్నర కలిపింది. పదకొండు. బొంబాయి నుంచి హైదరాబాదు విమానం పొద్దున తొమ్మిదింబావుకి. అది తప్పిపోతుంది. ఆ తర్వాతది సాయంత్రం ఆరున్నరకి. అంటే బేగంపేట విమానాశ్రయంలో దిగేసరికి రాత్రి ఎనిమిది. గురువారం రాత్రి ఎనిమిదింటికి జీపు కావాలని రవాణా సెక్షన్‌కి చీటీ టైపు చేశాను. కార్బన్ కాపీ ఫైల్లో పెట్టాను. ఆఫీసరు చదవకుండానే సంతకం పెట్టాడు. "మీరు చూశారు కదమ్మా, ఇంక నేనేం చూస్తాను" అన్నాడు.

ఆరున్నర అన్నది బొంబాయి గడియారం ప్రకారమే వేశారు. దానికి ఏమీ కలపనక్కర్లేదు. బొంబాయిలో దిగినవాడికి బొంబాయి గడియారమే కదా. ఇంత చిన్న సంగతి. పుస్తకం చదవడం రానివాడు చూసి ఉంటే ఆరున్నర అనే చెప్పేవాడు. చదవడం వచ్చింది కాబట్టే నేను పదకొండు అన్నాను.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి ఆమె చెవి దగ్గర చెప్పాను, రేపు రాత్రికి వచ్చేస్తాడని. కళ్ళు తెరిచింది. పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఇయ్యాల ఎక్కితె... పది గంటలే గదక్కా. పొద్దుగాలనే రావాలె గద."

"మధ్యలో బొంబాయిలో ఆగాలి పిల్లా. లెక్కలు నాకొదిలెయ్. నువ్వు పడుకో."

"రాత్రికా" అంది. అని గోడవైపు తిరిగింది. నాతో ఆమె మాట్లాడిన మాటల్లో అదే ఆఖరు. తెల్లవారుజామున, ఐదు కొట్టకముందే పోయింది. అప్పటికి ఆ విమానం బొంబాయికి గంటన్నర దూరంలో ఉంది. పొద్దున్నే వస్తాడని నేను చెప్పి ఉంటే ఇంకో ఆరేడు గంటలు ఊపిరి బిగబట్టుకుని ఉండేదా? డాక్టర్లు నవ్వుతారు. రోగానికి ఇవన్నీ తెలియవంటారు. నేను మాత్రం ఇన్నేళ్ళుగా అదే ఆలోచిస్తున్నాను, ఇంకేం ఆలోచించాలో నాకు తెలియదు.

పొద్దున ఎనిమిదికల్లా వ్యానులో అతని ఊరికి తీసుకొచ్చాం. వాకిట్లో పడుకోబెట్టారు. పుట్టింటి చీర కట్టి, ముఖానికి పసుపు రాసి, బొట్టు పెద్దగా పెట్టారు. ఆ పసుపు ఎందుకు రాస్తున్నారో నాకర్థం కాలేదు, ఒళ్ళంతా అదే రంగు. ఊళ్ళో శవం లేచేదాకా ఎవరి పొయ్యీ ముట్టించరు. పసిపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. పొట్ట ఇంకా ఉబ్బుతోంది. దాన్నించి అందరూ కళ్ళు తిప్పుకుంటున్నారు.

అతని చిన్నాయన నా దగ్గరికి వచ్చాడు. బక్కపలచని మనిషి, భుజం మీద గొంగడి, వేసవిలో కూడా. ఇప్పుడు అంతా ఆయన మాట మీద ఆధారపడి ఉంది, ఆయన నా మాట మీద ఆధారపడ్డాడు.

"బిడ్డా, పిలగాడు ఎన్నిగొట్టంగ వస్తడు?"

"రాత్రి ఎనిమిదింటికి విమానం దిగుతాడు పెద్దయ్యా. ఇక్కడికి వచ్చేసరికి తొమ్మిదిన్నర, పది."

ఆయన ఎండవైపు చూశాడు. "పొద్దుగూకినంక పీనిగెకు నిప్పు పెట్టరాదు. అంటే రేపటి దాంక ఆపాలె. గీ ఎండల... ఆగదు బిడ్డా." మళ్ళీ నావైపు తిరిగాడు. "పోయేటప్పుడు పది గంటలే అని మా కోడలు ఊరంత చెప్పుకున్నది. నిన్న పొద్దుగూకంగ ఎక్కిండంటున్నరు. మరి వచ్చేటప్పుడు గన్ని గంటలెందుకైతది? తొవ్వ గదే గదా?"

ఎంత సరైన ప్రశ్న! బండి తోలిన మనిషి అడిగిన ప్రశ్న. వెళ్ళిన దారే, వచ్చే దారీ అదే, రెండింతలు సమయం ఎందుకు పడుతుంది? నేను ఒక్క నిమిషం ఆగి, వేళ్ళమీద లెక్కపెట్టుకున్నా చాలు. చెయ్యలేదు. గొంగడి కప్పుకున్న ముసలాయన నాకు విమానాల లెక్క చెప్పడమేమిటని లోపల ఎక్కడో అనిపించింది. అనిపించింది, అబద్ధమెందుకు.

"వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది పెద్దయ్యా" అన్నాను.

ఆ గాలి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడా చదవలేదు. నోటికి వచ్చింది, అనేశాను. అసలు వచ్చేటప్పుడే గాలి వెనకనుంచి తోస్తుందట. అది తర్వాత తెలిసింది. ఆయన మాత్రం తల ఊపాడు. ఎదురుగాలి అంటే ఆయనకి తెలుసు, తూర్పార పట్టే మనిషి. "గట్లనా" అన్నాడు. తిరిగి మగవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "కంపినోళ్ళు రాత్రికి గాని రాడంటున్నరు. ఇగ లేపుండ్రి" అన్నాడు.

మంచు తెప్పిద్దామని ఎవరో అన్నారు. పటాన్‌చెరు పోయి తెచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందని ఇంకెవరో అన్నారు. ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. పట్టుబట్టాల్సింది నేను. భర్త లేడు కాబట్టి ఆమె మరిది నిప్పుకుండ పట్టుకున్నాడు. పదకొండున్నరకి లేచింది శవం. పన్నెండు దాటాక పొలం గట్టు మీద పొగ కనిపించింది.

ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండిపోయాం. శవం లేచాక ఇల్లు కడుగుతారు. వాకిలి, అరుగు, గడప, బిందెలకి బిందెలు నీళ్ళు పోసి కడుగుతున్నారు. నేనూ ఒక బిందె అందుకుంటున్నాను. ఒంటిగంటన్నర అయి ఉంటుంది. బండ్లబాట మీద దుమ్ము రేపుకుంటూ ఒక టాక్సీ వచ్చి ఆగింది.

అతను దిగాడు. ఒంటిమీద మందపాటి కోటు, ఆ ఎండలో. చేతిలో సంచి. బేగంపేటలో పదిమ్ముప్పావుకే దిగాడు. తనకోసం ఎవరూ రాకపోతే జీపు ఆసుపత్రి దగ్గర ఉందేమోనని అక్కడికి వెళ్ళాడు. తెల్లారక ముందే శవాన్ని ఊరికి తీసుకుపోయారని అక్కడ చెప్పారు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు అతను తడిసిన వాకిలి చూశాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇల్లు కడుగుతున్నారంటే ఏమిటో ఊళ్ళో పుట్టినవాడికి తెలుసు. ఎదురుగా బిందెతో నేనున్నాను.

"అక్కా," అన్నాడు. "తీస్కపోయిన్రా?"

అతన్ని చూసిన క్షణంలోనే నా తలలో అంకెలన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. ఆరున్నర. తొమ్మిదింబావు. పదిమ్ముప్పావు. ఎంత తేలిక లెక్క. బిందె ఎక్కడ పెట్టానో తెలియదు. అతను సంచి బురదలో పడేసి పొగవైపు పరుగెత్తాడు. కోటుతోనే పరుగెత్తాడు. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు.

గట్టు మీద ఏం జరిగిందో మా ఆయన చెప్పాడు, శవంతో వెళ్ళినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. అతను మంటలోకి పోబోతే నలుగురు పట్టుకున్నారట. "నేనొస్తున్నానని తెల్వదా? ఎవలు చెప్పిన్రు రానని?" అని అరిచాడట. "కంపినోళ్ళు చెప్పిన్రు" అన్నారట అక్కడివాళ్ళు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడట.

ఇంటికి వచ్చాక నేను ఆయనకి అంతా చెప్పేశాను. ఆయన, "కంపెనీ అన్నారుగా. పేరు ఎవరూ ఎత్తలేదు. ఊరుకో" అన్నాడు. నేను ఊరుకున్నాను. మర్నాడు ఆఫీసుకి ముందుగా వెళ్ళి, ఫైల్లోంచి జీపు చీటీ కార్బన్ కాపీ తీసి చింపేశాను. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. తెలివైనదాన్ని కదా.

అతను మళ్ళీ జర్మనీ వెళ్ళలేదు. పక్క వాటా ఖాళీ చేసి, ఊరినుంచే డ్యూటీకి వచ్చిపోయేవాడు. రెండు నెలల తర్వాత ఒక రోజు మధ్యాహ్నం భోజనాల వేళ మా సెక్షన్‌కి వచ్చాడు. గడ్డం పెరిగింది. నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి బల్లమీద పెట్టాడు, ఫిట్టర్ల చెయ్యి, గోళ్ళనిండా నల్లటి జిడ్డు.

"అక్కా, ఒక అర్జీ కొట్టియ్యాలె. ఇంగ్లీషుల."

"ఏమని?"

"నేను రాత్రికి గాని రానని మా ఇంట్ల చెప్పింది ఎవలో నాకు తెల్వాలె. పేరు గావాలె. శిక్ష గిట్ల ఏమొద్దు. పేరు ఒక్కటే."

నేను మిషన్లో కాగితం ఎక్కించాను. అతను తెలుగులో చెప్తుంటే ఇంగ్లీషులో కొట్టాను. ఒక్క తప్పు పడలేదు. చెప్పడం అయిపోయాక కూడా అతను కాసేపు కదలకుండా కూర్చున్నాడు. నా ముఖంలోకి చూస్తున్నాడని తెలుసు. నేను మిషనుకేసి చూస్తూ కూర్చున్నాను. రిబ్బను సరిచేస్తున్నట్టు నటించాను. గంట కొట్టారు. లేచి వెళ్ళిపోయాడు.

ఆ అర్జీ తిరిగి తిరిగి మా ఆఫీసరు బల్లమీదికే వచ్చింది. "మన రికార్డులో ఏమన్నా ఉందామ్మా?" అని అడిగాడు. ఆయనకి గుర్తులేదో, గుర్తుండీ అడిగాడో నేటికీ చెప్పలేను. "లేదండీ" అన్నాను. అది నిజమే, చింపేశాను కదా. జవాబు ఆయన చెప్పాడు, నేను కొట్టాను. ఈ కార్యాలయం నుంచి కుటుంబసభ్యులకు అట్టి సమాచారమేదీ ఇవ్వబడలేదు. సానుభూతితో, అని కింద ఒక ముక్క. టైపిస్టులకి ఒక అలవాటు ఉంటుంది. ఉత్తరం కింద ఎడమచేతి మూలన చెప్పినవారి పొడి అక్షరాలు పెద్దవిగా, కొట్టినవారివి చిన్నవిగా వేస్తాం. తప్పు దొర్లితే ఎవరు కొట్టారో తెలియాలని. అవి కూడా వేశాను. చెయ్యి అలవాటు.

వారం తిరక్కుండా అతను ఆ జవాబు పట్టుకుని వచ్చాడు. మళ్ళీ భోజనాల వేళే, సెక్షన్లో నేనొక్కదాన్నే ఉన్నాను. స్టూలు మీద కూర్చుని కాగితం నా ముందు పరిచాడు. మూలన ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"గివి నీ పేరు అక్షరాలే గదక్కా?"

"అవును. ఎవరు కొడితే వాళ్ళవి వెయ్యాలి."

"మంచి పద్ధతే." కాగితం మడిచాడు. ఒక మడత, ఇంకో మడత, మెల్లగా. "మా చిన్నాయిన ఆ దినమే చెప్పిండు. ఆడ గట్టు మీదనే, అందరు పోయినంక. పక్కింటి అక్క పుస్తకం సూసి లెక్కగట్టి చెప్పింది, ఎదురుగాలి అన్నది అని. నాకు అప్పటిసంది ఎరికే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నా చేతులు మిషను మీద ఉన్నాయి. తియ్యాలని తోచలేదు.

"మరి అర్జీ ఎందుకు..." అన్నాను.

"నువ్వు చెప్తవని. నీ పక్కన కూసోని చెప్తుంటె, కొట్టుకుంట కొట్టుకుంట నడుమ ఆగుతవని సూసిన. తమ్మీ, నా లెక్క తప్పింది అంటవని. తప్పెవరికి కాదక్కా? గా మాట ఒక్కటంటె ఇడిసిపెడదామనుకున్న. ఆమెకు నువ్వంటె పానం." మడిచిన కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇగ గిప్పుడు ఎట్ల ఇడువాలె?"

జవాబు కోసం ఆగాడు. నిజంగానే ఆగాడు, మాట వరసకి అడిగి లేచిపోలేదు. ఇప్పుడన్నా చెప్పెయ్యాలి అనుకున్నాను. తప్పు నాదే తమ్ముడూ. అంతే కదా, నాలుగు మాటలు కూడా కాదు. నేను మళ్ళీ రిబ్బను సరిచేస్తూ కూర్చున్నాను. ఇంత జరిగాక అని ఏం లాభమని ఒక ఆలోచన, అతను ఎవరికైనా చెప్తే నా ఉద్యోగం పోతుందేమోనని ఇంకో ఆలోచన. ఆ వేళ కూడా ఆ రెండో ఆలోచన వచ్చింది. దానికి నన్ను నేను ఏనాడూ క్షమించుకోలేదు, ఇకమీదటా క్షమించుకోను.

గంట కొట్టారు. అతను లేచి స్టూలు యథాస్థానంలో గోడకి జరిపాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత కర్మాగారంలో ఎదురుపడినా నన్ను పలకరించలేదు. మూడేళ్ళకి బొల్లారంలో కొత్తగా పెట్టిన మందుల కంపెనీలో చేరాడని విన్నాను. ఆ మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ రోజు అతను వెళ్ళాక, మా సెక్షన్ వాళ్ళు భోజనాలు ముగించుకుని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. తర్వాతి జట్టు జర్మనీ వెళ్ళాల్సిన కాగితాలు బల్లమీద ఉన్నాయి. పుస్తకం తీసి, బొంబాయి రాత్రి రెండు, ఫ్రాంక్‌ఫర్ట్ పొద్దున ఏడున్నర అని కొట్టాను. కొత్తగా చేరిన గుమాస్తా వెనకనుంచి చూసి, అంత దూరానికి ఐదున్నర గంటలేనా అని అడిగాడు. నాకు తెలియదన్నాను.